గీతలు మాయం... గాభరా వద్దు!

రాత్రి దాకా బంగారంలా పనిచేసిన ఫోన్. పడుకోబోయే ముందు 'కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది, వేసుకోండి' అని అడిగితే, సరేనని ఓ నొక్కు నొక్కి ఛార్జింగులో పెడతాం. తెల్లారి చూస్తే అంతా కొత్త కొత్తగా ఉంటుంది. అక్షరాలు మారాయి, రంగులు మారాయి. ఒక్కటే తక్కువ... పైన మూలన ఉండాల్సిన సిగ్నల్ గీతలు లేవు! ఎందుకలా జరుగుతుంది? అప్పుడు ఏ వరసలో ఏం చేయాలి? అన్నిటికంటే ముఖ్యంగా, ఏం చేయకూడదు?

సెల్‌ఫోన్ అంటే మాట్లాడుకునే సాధనం మాత్రమే అయిన రోజుల్లో సిగ్నల్ పోతే పోయేది మాటలే. ఇప్పుడలా కాదు. బ్యాంకు నుంచి ఓటీపీ రావాలన్నా, గ్యాస్ బండ తెచ్చిన కుర్రాడికి కోడ్ చెప్పాలన్నా, అర్ధరాత్రి ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే 108కి ఫోన్ చేయాలన్నా ఆ నాలుగు గీతలే దిక్కు. పైగా ఇంట్లో వై-ఫై ఉంటే వాట్సప్ ఎప్పట్లానే నడుస్తుంది కాబట్టి చాలామందికి మధ్యాహ్నం దాకా విషయమే తెలియదు. ఊళ్లో ఉన్న అమ్మ నాలుగుసార్లు చేసి, 'ఏంట్రా, ఫోన్ కలవడం లేదు' అని పక్కింటివాళ్ల ఫోన్ నుంచి మెసేజి పెట్టిస్తే గానీ బయటపడదు.

ఇక అక్కణ్నుంచి కంగారు మొదలు. 'మొత్తం చెరిపేసి మళ్లీ మొదలెట్టు, అదే వస్తుంది' అంటాడు ఒకడు. చెరిపేస్తే సిగ్నల్ వస్తుందో రాదో గానీ పిల్లల చిన్నప్పటి ఫొటోలు మాత్రం పోతాయి. 'లోపల బోర్డు పోయింది, అయిదారు వేలవుతుంది' అంటాడు వీధి చివరి దుకాణదారు. పోయింది బోర్డేనా అన్నది ఎవరికీ తెలియదు. ఇంకా ఘోరం ఏంటంటే... ఒక్కోసారి అప్‌డేట్ పాపం ఏమీ ఉండదు. మన నంబరును మరెవరో కొట్టేసి ఉంటారు. మనం మాత్రం సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకుంటూ కూర్చుంటాం.

అందుకే సిగ్నల్ పోయినప్పుడు మొదట చేయాల్సింది బాగుచేయడం కాదు. తప్పెవరిదో తేల్చుకోవడం!

గంటలో వెనక్కి!

అప్‌డేట్ వేస్తే సిగ్నల్ పోవడం మన భ్రమ కాదు. నిజంగానే జరుగుతుంది. ఎంత పెద్ద కంపెనీకైనా జరుగుతుంది. దానికి సాక్ష్యం 2014 సెప్టెంబరు 24.

యాపిల్ సంస్థ ఐఫోన్ 6, 6 ప్లస్ ఫోన్లను అమెరికా తదితర దేశాల్లో అమ్మకానికి పెట్టి అప్పటికి అయిదు రోజులే అయింది. తొలి మూడు రోజుల్లోనే కోటికి పైగా ఫోన్లు అమ్ముడుపోయాయి. వాటిలో ఉన్న ఐఓఎస్ 8 సాఫ్ట్‌వేర్‌లో చిన్నాచితకా లోపాలను సరిదిద్దడానికంటూ ఆ రోజు 8.0.1 అనే అప్‌డేట్‌ను విడుదల చేసింది కంపెనీ. ముచ్చటపడి వెంటనే వేసుకున్నవాళ్లకు చుక్కలు కనిపించాయి. కొత్త ఫోన్ మీద 'నో సర్వీస్' అన్న అక్షరాలు ప్రత్యక్షం. వేలిముద్రతో తాళం తీసే టచ్ ఐడీ కూడా పనిచేయడం మానేసింది. విచిత్రం ఏంటంటే, అదే అప్‌డేట్ వేసుకున్న పాత ఐఫోన్లు నిక్షేపంగా ఉన్నాయి.

గంట కాస్త దాటేసరికి యాపిల్ ఆ అప్‌డేట్‌ను వెనక్కి తీసేసుకుంది. అప్పటికే వేసుకున్నవాళ్లను ఫోన్‌ను కంప్యూటర్‌కు తగిలించి, ఐట్యూన్స్ ద్వారా పాత 8.0ని మళ్లీ ఎక్కించుకోమంది. మర్నాటికల్లా 8.0.2 వచ్చేసింది. పోయిన సిగ్నల్ తిరిగొచ్చింది. దెబ్బతిన్న ఫోన్లు 40,000 లోపేనని చెబుతూ కంపెనీ క్షమాపణ కోరింది. మన దేశంలో ఆ ఫోన్లు అక్టోబరు 17న గానీ విడుదల కాలేదు కాబట్టి ఇక్కడివాళ్లకు ఆ బెడద తప్పింది.

ఈ కథలో రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. ఒకటి... ఆ ఫోన్లలో ఏ చిప్పూ కాలిపోలేదు, ఏ తీగా తెగలేదు. సాఫ్ట్‌వేర్ వల్ల పోయిన సిగ్నల్ సాఫ్ట్‌వేర్‌తోనే తిరిగొచ్చింది. రెండు... ఒక్క రోజు ఆగినవాళ్లకు ఏమీ కాలేదు!

అది ఒక్క యాపిల్‌కు పట్టిన గ్రహచారం అనుకోనక్కర్లేదు. 2021 డిసెంబరులో గూగుల్ తన పిక్సెల్ 6 ఫోన్లకు ఇచ్చిన అప్‌డేట్ వేసుకున్నాక కాల్స్ మధ్యలో తెగిపోతున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. దాంతో గూగుల్ ఆ అప్‌డేట్‌ను ఆపేసింది. జనవరిలో సరిచేసిన అప్‌డేట్ ఇస్తామని చెప్పింది. ఒకరికి ఒక్క రోజు పట్టింది, మరొకరికి వారాలు పట్టాయి. అంతే తేడా.

ఫోన్‌లో మరో ఫోన్

రంగులు, అక్షరాలు మార్చే అప్‌డేట్‌కీ సిగ్నల్‌కీ ఏంటి సంబంధం? అక్కడే ఉంది కిటుకు.

మన చేతిలో ఉన్నది ఒక్క కంప్యూటర్ కాదు, రెండు. ఒకటి మనకు కనిపించేది. ఫొటోలు, పాటలు, ఆటలు అన్నీ దాని పనే. రెండోది లోపల దాక్కుని ఉంటుంది. దాని పేరు మోడెమ్. టవర్‌తో మాట్లాడేది అదొక్కటే. దానికి సొంత ప్రాసెసర్ ఉంటుంది, సొంత సాఫ్ట్‌వేర్ ఉంటుంది. కంపెనీ అప్‌డేట్ పంపినప్పుడు చాలాసార్లు ఈ రెండో సాఫ్ట్‌వేర్ కూడా అదే మూటలో వస్తుంది. పై వేషం మారిందని మనం సంబరపడుతుంటే, లోపల టవర్‌తో మాట్లాడే భాష కూడా మారిపోతూ ఉంటుంది.

ఫోన్ వేసిన ప్రతిసారీ ఈ మోడెమ్ చేసే పని తక్కువదేం కాదు. ముందు గాలిలో తనకు తెలిసిన తరంగాలన్నీ వెతుకుతుంది. టవర్ దొరకగానే అది ఏ కంపెనీదో చూస్తుంది. సిమ్‌లో మన చందాదారు సంఖ్య ఉంటుంది. అందులో మొదటి మూడంకెలు దేశాన్ని చెబుతాయి. మన దేశానికి 404, 405 అలాంటివే. ఆ సంఖ్యను టవర్‌కు చెప్పి, సిమ్‌లోని రహస్య తాళంచెవితో 'నేనే' అని రుజువు చేసుకుంటుంది. అప్పుడు గానీ నెట్‌వర్క్ లోపలికి రానివ్వదు. గీతలు కనబడేది ఆ తర్వాతే. ఈ వరసలో ఎక్కడ తడబడినా గుమ్మం బయటే నిలబడాల్సి వస్తుంది.

వీటికి తోడు ఆపరేటర్ సెట్టింగులు మరోటి. ఏ తరంగాలు వాడాలి, ఇంటర్నెట్‌కు ఏ దారిన వెళ్లాలి, 4జీ మీద మాటలు ఎలా పంపాలి... ఇలాంటివన్నీ ఫోన్ కంపెనీ, ఆపరేటర్ కలిసి రాసిపెట్టిన చిన్న జాబితా. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చాక పాత జాబితాతో దానికి పొత్తు కుదరకపోతే సిగ్నల్ ఉన్నా లేనట్టే.

సాఫ్ట్‌వేర్‌కు ఇంత పెత్తనం ఉందా అనుకునేవాళ్లకు మన హైదరాబాద్ ముచ్చటే ఉదాహరణ. 2022 అక్టోబరులో దేశంలో 5జీ మొదలైంది. ఎయిర్‌టెల్ తొలివిడత ఎంచుకున్న ఎనిమిది నగరాల్లో హైదరాబాద్ ఒకటి. టవర్ వచ్చింది. చేతిలోని కొత్త ఐఫోన్లో 5జీ చిప్ ఎప్పట్నుంచో ఉంది. అయినా 5జీ రాలేదు! డిసెంబరులో ఐఓఎస్ 16.2 అప్‌డేట్ వచ్చాకే ఆ తలుపు తెరుచుకుంది. లేని సిగ్నల్‌ను తెచ్చిపెట్టే శక్తి సాఫ్ట్‌వేర్‌కు ఉంటే, ఉన్న సిగ్నల్‌ను పోగొట్టే శక్తీ దానికే ఉంటుంది మరి.

ఆ మాటకొస్తే గీతలు కూడా సాఫ్ట్‌వేర్ గీసినవే. 2010లో ఐఫోన్ 4 వచ్చినప్పుడు సిగ్నల్ పడిపోతోందని గొడవైంది. లెక్క చూసుకున్న యాపిల్, గీతలు చూపించే తమ సూత్రమే తప్పని, రెండు చూపించాల్సిన చోట ఒక్కోసారి నాలుగు చూపిస్తోందని ఒప్పుకొంది. జులైలో సరిచేసిన అప్‌డేట్ ఇచ్చింది. అది వేసుకున్నాక బలహీనమైన చోట్ల గీతలు తగ్గి కనిపించాయి. తగ్గింది సిగ్నల్ కాదు, అబద్ధం! కాబట్టి అప్‌డేట్ తర్వాత ఓ గీత తగ్గినంత మాత్రాన గుండె బాదుకోనక్కర్లేదు. కాల్ కలుస్తోందా, మాట స్పష్టంగా ఉందా అన్నదే లెక్క.

తప్పెవరిది?

సిగ్నల్ పూర్తిగా పోయిందంటే అనుమానితులు నలుగురు... టవర్, సిమ్, ఫోన్ సాఫ్ట్‌వేర్, ఫోన్ లోపలి భాగాలు. పైసా ఖర్చు లేకుండా, పది నిమిషాల్లో అసలు దోషిని పట్టుకోవచ్చు.

ఇంట్లో ఇంకెవరికైనా అదే కంపెనీ సిమ్ ఉంటే వాళ్ల ఫోన్ చూడండి. అక్కడా గీతలు లేకపోతే టవర్‌దే తప్పు. గాలివానకో, కేబుల్ తెగో, కరెంటు లేకో ఆగి ఉంటుంది. మీ ఫోన్ జోలికి పోనక్కర్లేదు.

వాళ్లకు బాగానే ఉంటే మీ సిమ్ తీసి ఆ ఫోన్లో వేయండి. అక్కడా పనిచేయకపోతే తప్పు సిమ్‌దో, ఆపరేటర్‌దో. అదే సిమ్ అక్కడ చక్కగా పనిచేసి, వాళ్ల సిమ్ మీ ఫోన్లో పనిచేయకపోతే... దోషి మీ ఫోనే. అప్పుడే అప్‌డేట్‌ను అనుమానించాలి.

తెర మీద కనిపించే మాటలు కూడా చాలా చెబుతాయి. 'నో సిమ్' అంటే ఫోన్‌కు సిమ్మే కనబడటం లేదు. సిమ్ కదిలిందో, దుమ్ము పట్టిందో చూడాలి. 'నో సర్వీస్' అంటే ఏ టవర్‌తోనూ పొత్తు కుదరడం లేదు. 'ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ' అంటే టవర్లు వినబడుతున్నాయి గానీ మీ నంబరును లోపలికి రానివ్వడం లేదు. మోడెమ్ బతికే ఉందనడానికి అది మంచి గుర్తు. ఆ స్థితిలో ఆపద వస్తే 112కి ప్రయత్నించవచ్చు. ఇక గీతలన్నీ ఉండి కాల్ వెళ్లకపోతే... ముందు రీఛార్జి గడువు అయిపోయిందేమో చూసుకోవాలి. నవ్వుకునే మాటలా ఉంటుంది గానీ, అప్‌డేట్‌ను ఆడిపోసుకున్నాక బయటపడే నిజాల్లో అదీ ఒకటి!

మెట్టు మెట్టుగా...

ఫోన్ సాఫ్ట్‌వేరే కారణమని తేలింది సరే. ఇప్పుడేం చేయాలి? సూత్రం ఒక్కటే. ఏమీ పోగొట్టుకోని పనులు ముందు, ఏదో ఒకటి పోయే పనులు తర్వాత, అంతా పోయే పని చిట్టచివర.

మొదటి మెట్టు: ఏరోప్లేన్ మోడ్ వేసి, ఓ పావు నిమిషం ఆగి తీసేయండి. మోడెమ్ టవర్ల వేట మళ్లీ మొదటి నుంచి మొదలెడుతుంది. లాభం లేకపోతే ఫోన్‌ను పూర్తిగా ఆపేసి, నిమిషం తర్వాత వేయండి. తెర ఆర్పి వెలిగించడం కాదు... పూర్తిగా ఆపేయాలి. చాలా ఫోన్లు ఇక్కడితోనే దారికొస్తాయి.

రెండో మెట్టు: ఫోన్ ఆపేసి సిమ్ బయటికి తీయండి. పొడి మెత్తటి గుడ్డతో తుడిచి, అదే వైపుగా సరిగ్గా పెట్టండి. తేదీ, సమయం తప్పుగా ఉన్నాయేమో చూసి, ఆటోమేటిక్‌లో పెట్టండి.

మూడో మెట్టు: మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగుల్లోకి వెళ్లండి. ఆపరేటర్ ఎంపిక ఆటోమేటిక్‌లో ఉందా? రెండు సిమ్‌ల ఫోన్ అయితే ఈ సిమ్ ఆఫ్‌లో పడిపోయిందా? నెట్‌వర్క్ రకం ఏది ఎంచుకుని ఉంది? ఈ చివరి ప్రశ్న జియో వాడేవాళ్లకు మరీ ముఖ్యం. 2016లో మొదలైన నాటి నుంచీ జియోకు 2జీ, 3జీ లేవు. ఫోన్లో పొరపాటున 2జీ లేదా 3జీ అని పడితే ఎదురుగా టవర్ ఉన్నా ఆ సిమ్‌కు గీత కనబడదు. అలాగే వోల్టీ మీట ఆఫ్ అయితే ఇంటర్నెట్ వస్తుంది, మామూలు కాల్స్ మాత్రం వెళ్లవు. 4జీ లేదా 5జీతో కూడిన ఆటోమేటిక్ ఎంపికే అందరికీ క్షేమం.

నాలుగో మెట్టు: వై-ఫైకి కలిపి, ఇంకో అప్‌డేట్ ఏమైనా వచ్చిందేమో చూడండి. కంపెనీ తప్పు తెలుసుకుని సరిచేసినది ఈపాటికి పంపి ఉండొచ్చు. ఐఫోన్లో సెట్టింగ్స్, జనరల్, అబౌట్ వరసలో వెళ్లి కాసేపు ఆగితే, ఆపరేటర్ సెట్టింగుల కొత్త జాబితా ఉంటే వేసుకోమని అదే అడుగుతుంది. కాల్స్ బాగుండి డేటా ఒక్కటే రాకపోతే, ఆపరేటర్‌కు ఫోన్ చేసి ఏపీఎన్ వివరాలు సరిచూసుకుంటే సరి.

అయిదో మెట్టు: 'రీసెట్ నెట్‌వర్క్ సెట్టింగ్స్'. ఇక్కడి నుంచి కొంత పోగొట్టుకోవడం మొదలు. వై-ఫై పాస్‌వర్డులు, జత చేసిన బ్లూటూత్ పరికరాలు, వీపీఎన్ అమరికలు పోతాయి. ఫొటోలు, మెసేజిలు, ఫోన్ నంబర్లు ఎక్కడికీ పోవు. కాబట్టి ఇంటి వై-ఫై పాస్‌వర్డు ముందే ఓ కాగితం మీద రాసుకుని ధైర్యంగా చేయొచ్చు. ఒక్క జాగ్రత్త... ప్లాస్టిక్ సిమ్ కాకుండా ఈ-సిమ్ వాడుతుంటే, 'ఈ-సిమ్ కూడా తీసేయాలా' అని ఫోన్ అడగొచ్చు. వద్దనే చెప్పండి. అది చెరిగిపోతే మళ్లీ ఆపరేటర్ చుట్టూ తిరగాలి.

ఆరో మెట్టు: ఫ్యాక్టరీ రీసెట్. అంటే ఫోన్‌ను కొన్ననాటి స్థితికి తేవడం. ఫొటోలు, వాట్సప్ ముచ్చట్లు సహా అన్నీ కంప్యూటర్‌లోనో, క్లౌడ్‌లోనో భద్రంగా చేరాయని కళ్లారా చూసుకున్నాకే దీని జోలికి వెళ్లాలి. గూగుల్ లేదా యాపిల్ ఖాతా పాస్‌వర్డు గుర్తుందో లేదో కూడా ముందే చూసుకోవాలి. లేకపోతే చెరిపేసిన ఫోన్ మీకే తలుపు తీయదు.

'ఇవన్నీ ఎందుకు, పాత సాఫ్ట్‌వేర్‌కే వెళ్లిపోతే పోలా' అనిపించవచ్చు. అదంత తేలిక కాదు. కొత్తది వచ్చిన కొద్దిరోజులకే పాతదాన్ని ఎక్కించుకునే దారిని యాపిల్ మూసేస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో వెనక్కి వెళ్లాలంటే దాదాపుగా అంతా చెరిపేయాల్సిందే. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7తో ఓ మంచి ఏర్పాటు మొదలైంది. అది ఉన్న ఫోన్లలో పాత సాఫ్ట్‌వేర్‌ను పక్కనే ఉంచి, కొత్తదాన్ని వేరే గదిలో ఎక్కిస్తారు. కొత్తది తెరుచుకోకపోతే ఫోన్ తనంతట తనే పాతదానికి వెళ్లిపోతుంది. కానీ ఫోన్ చక్కగా తెరుచుకుని, సిగ్నల్ ఒక్కటే రాకపోతే... అంతా బాగుందనే అనుకుంటుంది అది!

ఈలోగా కాల్స్ ఆగకూడదంటే ఓ చిట్కా ఉంది. ఆపరేటర్, ఫోన్ రెండూ అనుమతిస్తే వై-ఫై కాలింగ్ మీట వేసుకోవచ్చు. టవర్ అందకపోయినా ఇంటి ఇంటర్నెట్ మీదుగా మీ నంబరుకే మామూలు కాల్స్ వస్తాయి.

పదిహేను అంకెల పరీక్ష

డయల్ చేసే చోట *#06# నొక్కండి. తెర మీద పదిహేను అంకెల సంఖ్య రావాలి. రెండు సిమ్‌లు పట్టే ఫోన్ అయితే రెండు సంఖ్యలు. అదే ఐఎంఈఐ... అంటే మీ ఫోన్ పుట్టుమచ్చ. ఫోన్ డబ్బా మీద, బిల్లు మీద కూడా అదే ఉంటుంది.

ఆ సంఖ్య సరిగ్గా వచ్చిందంటే మోడెమ్ కనీసం పలుకుతోందన్నమాట. పైన చెప్పిన మెట్ల వల్ల ఫలితం ఉండొచ్చు. సంఖ్య రాకపోయినా, అన్నీ సున్నాలే వచ్చినా మోడెమ్ మొత్తానికే మూగనోము పట్టిందని అర్థం. ఇంట్లో ఎన్ని తంటాలు పడినా వృథా. నేరుగా కంపెనీ సర్వీస్ సెంటర్‌కే వెళ్లాలి. వారంటీ ఉంటే బిల్లు పట్టుకెళ్లాలి. అప్‌డేట్ ఏ తేదీన వేశారు, ఆ తర్వాత ఏం మారింది, ఏమేం ప్రయత్నించారు... ఇవి కాగితం మీద రాసి ఇస్తే వాళ్ల పనీ తేలిక, మన వాదనకూ బలం.

'అయిదొందలిస్తే కంప్యూటర్‌కు పెట్టి కొత్త ఐఎంఈఐ ఎక్కించేస్తా' అనే మొనగాళ్లు కూడా తగులుతారు. ఆ మాట వినగానే ఫోన్ తీసుకుని వచ్చేయండి. ఐఎంఈఐని మార్చడం మన దేశంలో నేరం. 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం మూడేళ్ల దాకా జైలు, రూ.50 లక్షల దాకా జరిమానా పడొచ్చు.

కాకి వాలింది... పండు రాలింది

తాటిచెట్టు మీద కాకి వాలగానే పండు రాలితే, కాకి బరువుకే రాలిందనుకుంటారు చూసేవాళ్లు. అప్‌డేట్‌కీ ఒక్కోసారి అదే నింద. 2016 సెప్టెంబరు నుంచి 2018 ఫిబ్రవరి మధ్య తయారైన కొన్ని ఐఫోన్ 7 ఫోన్లు, సిగ్నల్ దండిగా ఉన్న చోట కూడా 'నో సర్వీస్' చూపించేవి. తీరా చూస్తే మెయిన్ బోర్డు మీద ఓ భాగం పాడవడమే కారణం. అలాంటి ఫోన్లను ఉచితంగా బాగుచేస్తామని యాపిల్ 2018లో ప్రకటించింది. అమెరికా, జపాన్, చైనా వంటి దేశాల్లో అమ్మిన నమూనాలకే అది పరిమితం. అలాంటి ఫోన్‌కు ఎన్ని రీసెట్లు చేసినా ఫొటోలు పోవడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

ఫోన్ ఈమధ్య కిందపడిందా, నీళ్లలో తడిసిందా, బయట బాగుచేయించారా అన్నది గుర్తుచేసుకుంటే ఈ చిక్కుముడి సగం వీడిపోతుంది.

దొంగ కూడా సిగ్నల్ తీస్తాడు

అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు మాత్రం వేరే ఉంది. దొంగచేతికి మన నంబరు చిక్కినా ఫోన్ మీద కనిపించేది అచ్చం ఇదే... గీతలు మాయం!

దీన్నే సిమ్ స్వాప్ మోసం అంటారు. దొంగ కాగితాలు చూపించి మన నంబరు మీద ఇంకో సిమ్ తీసుకుంటారు. లేదా కంపెనీ ఉద్యోగుల్లా ఫోన్ చేసి, 'మీ సిమ్‌ను ఈ-సిమ్‌గా మారుస్తున్నాం, వచ్చిన కోడ్ చెప్పండి' అని నమ్మిస్తారు. కొత్త సిమ్ ప్రాణం పోసుకోగానే మన చేతిలోనిది చచ్చిపోతుంది. ఇక బ్యాంకు ఓటీపీలు వాళ్లకే. ఈ బెడద అరికట్టడానికే, సిమ్ మార్చిన తర్వాత తొలి 24 గంటలూ ఆ నంబరుకు ఎస్సెమ్మెస్‌లు రాకుండా ఆపాలని ప్రభుత్వం ఆపరేటర్లను ఆదేశించింది. ఖాతాదారు మేలుకోవడానికి దొరికే గడువు అది. 'అప్‌డేట్ వల్లేలే, రేపు చూద్దాం' అని ఊరుకుంటే ఆ గడువు కాస్తా చేజారిపోతుంది.

తేడా పట్టుకోవడం ఎలా? పైన చెప్పిన సిమ్ మార్చి చూసే పరీక్షే ఇక్కడా దారి చూపిస్తుంది. మీ సిమ్ వేరే ఫోన్లోనూ చచ్చినట్టు పడి ఉంటే ఆలస్యం చేయొద్దు. ఇంట్లో ఇంకొకరి ఫోన్ నుంచి ఆపరేటర్‌కు చేసి, 'నా నంబరు మీద కొత్త సిమ్ గానీ, ఈ-సిమ్ గానీ ఇచ్చారా' అని అడగండి. ఇచ్చామంటే వెంటనే ఆపించండి. బ్యాంకుకు చెప్పి ఖాతా లావాదేవీలు నిలిపేయించండి. డబ్బు పోయినట్టు తెలిస్తే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే పోయిన సొమ్మును దారిలో ఆపడానికి అంత అవకాశం.

ఆ 24 గంటల నిబంధన మనకూ వర్తిస్తుందని మర్చిపోకూడదు. ఫోన్‌దే తప్పయినప్పుడు అనవసరంగా కొత్త సిమ్ తీసుకుంటే ఒక రోజంతా ఓటీపీలు రావు. కాలేజీ ఫీజు కట్టే ఆఖరి రోజున ఆ పని పెట్టుకుంటే ఉన్న చిక్కు రెండింతలవుతుంది.

మరి అప్‌డేట్ మానేయాలా?

మానేస్తే ఇంకో ప్రమాదం. ప్రతి అప్‌డేట్‌లోనూ కనిపించే రంగుల కంటే కనిపించని తాళాలే ఎక్కువ. దొంగలు దూరే సందులు మూసేది అవే. బ్యాంకు లావాదేవీలు నడిచే ఫోన్‌కు వాటిని ఆపేయడమంటే తలుపు తీసి పడుకోవడమే. చేయాల్సింది మానేయడం కాదు, వేళ చూసుకుని చేయడం.

పేరే మారిపోయే పెద్ద వెర్షన్ వచ్చినప్పుడు వారం, పది రోజులు ఆగినా కొంపేం మునిగిపోదు. తప్పులుంటే ఈలోగా బయటపడతాయి. ఆండ్రాయిడ్ కంపెనీలు అప్‌డేట్‌ను అందరికీ ఒకేసారి కాకుండా విడతలవారీగా పంపేది కూడా అందుకే. భద్రత కోసం వచ్చే చిన్న అప్‌డేట్లను మాత్రం మరీ నాన్చకూడదు. ఇంకా పరీక్షల్లో ఉన్న బీటా వెర్షన్లను ఇంట్లో అందరూ ఆధారపడే ఫోన్లో వేయకపోవడమే మంచిది. ప్రయాణం ముందు రోజు, పరీక్ష ముందు రోజు, ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆ మీట నొక్కకపోవడం మరీ మంచిది. నొక్కే ముందు ఫొటోలు భద్రం చేసుకోవాలి, బ్యాటరీ సగానికి పైగా ఉండాలి. అప్‌డేట్ నడుస్తుండగా ఫోన్ ఆపేయకూడదు.

ఊళ్లో అమ్మానాన్నల ఫోన్ల విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. వాళ్లకు వై-ఫై ఉండకపోవచ్చు. సిగ్నల్ పోతే మనకు చెప్పే దారే ఉండదు. పండక్కి ఇంటికెళ్లినప్పుడు దగ్గరుండి అప్‌డేట్ వేసి, ఒక కాల్ చేసి, ఒక మెసేజి తెప్పించి, కాసేపు ఇంటర్నెట్ చూశాకే ఫోన్ వాళ్ల చేతికివ్వాలి. ఇంట్లో రెండు ఫోన్లుంటే రెండూ ఒకే రాత్రి అప్‌డేట్ చేయకూడదు. రెండు సిమ్‌లూ ఒకే కంపెనీవి కాకుండా చూసుకుంటే మరీ నిశ్చింత.

చివరగా ఒక పాతకాలపు చిట్కా. ఇంట్లోవాళ్ల నంబర్లు, బ్యాంకు, ఆపరేటర్ సహాయ కేంద్రాల నంబర్లు, 1930, 112, 108... ఇవన్నీ ఓ కాగితం మీద రాసి క్యాలెండర్ వెనకాల అంటించి పెట్టుకోండి. ఎన్ని అప్‌డేట్లు వచ్చినా ఆ కాగితానికి మాత్రం సిగ్నల్ పోదు!